ముద్దాయి దొరకని పగ: ఒక ప్రేక్షక మీమాంస

సినిమా శాస్త్రం మీద వెలువడిన గ్రంథాలు దర్శకుడిని, నటులను, ఛాయాగ్రాహకుడిని, కూర్పరిని వేర్వేరు అధ్యాయాల్లో పరిశీలిస్తాయి గానీ, టికెట్టు కొనుక్కుని రెండు గంటలు చీకట్లో కూర్చుని, బయటికి వచ్చి మెట్ల మీద నిలబడి "ఇంతకీ ఏమైనట్టు?" అని అడిగే మనిషికి ఒక్క అధ్యాయమైనా కేటాయించిన దాఖలాలు తక్కువ. మామూలు సినిమాల విషయంలో ఈ లోటు ఎవరినీ పెద్దగా బాధించదు, ఎందుకంటే అక్కడ ప్రేక్షకుడి స్పందన "బాగుంది", "బాగాలేదు", "ఒకసారి చూడొచ్చు" అనే మూడు ముక్కల్లో ఒదిగిపోతుంది. డార్క్‌గా, నాన్ లీనియర్ స్క్రీన్‌ప్లేతో, ఇండిపెండెంట్‌గా తీసిన పగ సినిమా ఎదురైనప్పుడు మాత్రం ఆ మూడు ముక్కలూ చాలక, తెర మీది పాత్రల కంటే తెర ముందున్నవాళ్లే ఎక్కువ నాటకీయంగా ప్రవర్తిస్తారు. ఆ ప్రవర్తనను 2000లో వచ్చిన 'మెమెంటో' అనే చిత్రం ఆధారంగా కొంత క్రమపద్ధతిలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పరిభాష. నాన్ లీనియర్ స్క్రీన్‌ప్లే అంటే సంఘటనలు జరిగిన వరుసలో కాక దర్శకుడు చెప్పదలచిన వరుసలో సాగే కథనం. ఈ మాటను విమర్శకులు మెచ్చుకోలుగానూ, థియేటరు మెట్ల మీద నిలబడ్డవాళ్లు తిట్టుగానూ వాడతారు. ఇండిపెండెంట్ సినిమా అంటే పెద్ద స్టూడియోల పెట్టుబడీ పెత్తనమూ లేకుండా తయారైన చిత్రం. పెత్తనం లేనందువల్ల దర్శకుడికి ఎంత స్వేచ్ఛ దొరుకుతుందో, పెట్టుబడి లేనందువల్ల నిర్మాతకు అంత నిద్ర కరువవుతుంది. డార్క్ అన్న మాటకు కెమెరాకు సంబంధించిన అర్థం ఒకటి, మనుషుల స్వభావానికి సంబంధించిన అర్థం మరొకటి ఉన్నాయి. మొదటిదైతే ప్రొజెక్టరు సరిచేయమని ఆపరేటర్ మీద కేకలేయవచ్చు, రెండోదైతే కేకలేసి లాభం లేదు. ఇక పగ అంటే ఏమిటో తెలుగు పాఠకుడికి నిర్వచించి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే అవుతుంది.

'మెమెంటో' దర్శకుడు క్రిస్టఫర్ నోలన్. తమ్ముడు జొనాథన్ నోలన్ చెప్పిన కథను తీసుకుని, కోటి డాలర్ల లోపు ఖర్చుతో, 25 రోజుల్లో చిత్రీకరణ ముగించాడు. కథానాయకుడు లెనర్డ్ షెల్బీ ఒకప్పుడు బీమా కంపెనీలో క్లెయిముల మీద విచారణ జరిపే ఉద్యోగి. ఇంట్లోకి చొరబడిన దుండగులు తన భార్యను చెరిచి చంపారని, తన తల పగలగొట్టారని అతని నమ్మకం. ఆ దెబ్బతో అతనికి కొత్త జ్ఞాపకాలు నిలవకుండా పోయాయి కాబట్టి, పోలరాయిడ్ ఫొటోల కింద రాసుకున్న రాతలను, ఒంటి మీద పొడిపించుకున్న పచ్చబొట్లను నమ్ముకుని, ఆ దుండగుల్లో ఒకడి కోసం తిరుగుతుంటాడు. వాడి గురించి అతనికి తెలిసిందల్లా పేరు జాన్ అని, ఇంటిపేరు 'జి' అక్షరంతో మొదలవుతుందని మాత్రమే. అమెరికాలో అలాంటివాళ్లు ఎంతమంది ఉంటారో ఊహించగలిగిన ప్రేక్షకుడికి సినిమాలోని అసలు ప్రమాదం అప్పుడే అర్థం కావాలి గానీ, పగలో ఉన్నవాడికి, పగ చూస్తున్నవాడికి ఆ లెక్క తట్టదు.

ఈ 113 నిమిషాల చిత్రంలో రంగుల దృశ్యాలు చివరి నుంచి మొదటికి నడుస్తాయి, నలుపు తెలుపు దృశ్యాలు మొదటి నుంచి చివరికి నడుస్తాయి, రెండు రకాలూ వంతులవారీగా వస్తూ వచ్చి, ఆఖర్లో ఒక పోలరాయిడ్ ఫొటోలో బొమ్మ తేలుతుండగా కలిసిపోతాయి. వారపత్రిక సీరియల్‌ను ఆఖరి సంచికతో మొదలుపెట్టి ఒక్కో వారం వెనక్కి చదువుతూ పోతున్నవాడికి, ప్రతి సంచికలోనూ 'జరిగిన కథ' అన్న పెట్టెను ఎవరో కత్తెరతో కోసుకుపోయినట్టు తెలిస్తే ఎలా ఉంటుందో, ఈ చిత్రం ముందు కూర్చున్నవాడికి అలాగే ఉంటుంది. ప్రతి రంగుల దృశ్యమూ ఏ క్షణంలో మొదలైందో, దాని తర్వాత చూపించే రంగుల దృశ్యం సరిగ్గా ఆ క్షణం దగ్గర ముగుస్తుంది కాబట్టి, తాను అక్కడికి ఎందుకు వచ్చాడో లెనర్డ్‌కు ఎంత తెలుసో ప్రేక్షకుడికీ అంతే తెలుస్తుంది. ఒక దృశ్యంలో పరుగెత్తుతున్న లెనర్డ్, అవతల మరో మనిషి కూడా పరుగెత్తడం చూసి, తాను అతన్ని తరుముతున్నానని అనుకుని ఎదురు వెళ్తాడు. ఆ మనిషి తుపాకి పేల్చిన తర్వాత గానీ తరుముతున్నది ఎవరో, పారిపోతున్నది ఎవరో అతనికి తెలియదు. ప్రేక్షకుడికీ అప్పుడే తెలుస్తుంది, కాకపోతే ప్రేక్షకుడు టికెట్టు కొన్నాడు.

లెనర్డ్‌కు వచ్చిన జబ్బును వైద్యులు యాంటిరోగ్రేడ్ అమ్నీషియా అంటారు: దెబ్బ తగలక ముందటి జ్ఞాపకాలు చాలావరకు నిలిచి ఉంటాయి, తర్వాతివే నిలవవు. వైద్య చరిత్రలో దీనికి పేరుపొందిన ఉదాహరణ హెన్రీ మొలైసన్ అనే అమెరికన్. మూర్ఛ తగ్గించడానికి 1953లో అతని మెదడులో రెండు వైపులా హిప్పోకాంపస్ అనే భాగాన్ని చాలావరకు తొలగించగా, మూర్ఛ తగ్గింది గానీ కొత్త సంగతులు గుర్తుంచుకునే శక్తి పోయింది, 2008లో మరణించేవరకు తిరిగి రాలేదు. తెలుగు ప్రేక్షకుడికి మాత్రం సినిమా వైద్యశాస్త్రం వేరే తీరున అలవాటైంది: తలకు ఒక దెబ్బ తగిలితే గతమంతా పోతుంది, మరో దెబ్బ తగిలితే, లేదా పాత పాట వినిపిస్తే, ఆ పోయిన గతం వడ్డీతో సహా తిరిగి వస్తుంది. ఈ రెండో దెబ్బ కోసం 'మెమెంటో' ముగిసేదాకా ఎదురుచూసి నిరాశపడ్డ తెలుగువాళ్లు ఉండకపోరు.

ఆ చిత్రానికి ఎదురైన మొదటి ప్రేక్షకులు సామాన్యులు కారు, పంపిణీదారులు. 2000 మార్చిలో అమెరికన్ పంపిణీ సంస్థల పెద్దలకు చిత్రాన్ని వేసి చూపించగా, చాలా బాగుందని అందరూ మెచ్చుకుని, జనానికి ఎక్కదన్న భయంతో ఎవరూ కొనకుండా వెళ్లిపోయారు. ఇది తెలుగు చిత్ర వ్యాపారానికి చిరపరిచితమైన వాదమే: నగరాలను ఏ సెంటర్లని, పట్టణాలను బి సెంటర్లని, చిన్న ఊళ్లను సి సెంటర్లని విడగొట్టి, తమకు నచ్చిన ప్రతి కొత్త ప్రయోగాన్నీ "మనకు ఓకే గానీ, బి, సి సెంటర్లకు ఎక్కదు" అంటూ పక్కన పెట్టడం ఇక్కడి ఆనవాయితీ. తనకు అర్థమైన విషయం ఇతరులకు అర్థం కాదేమోనని నిద్ర మానుకునే ఈ రకం ప్రేక్షకుడిని లోకహితైషి అనవచ్చు. ఇతని ప్రత్యేకత ఏమిటంటే, బి, సి సెంటర్ల వాళ్లను అడిగిన పాపాన పోడు. అదే సంవత్సరం సెప్టెంబరులో వెనిస్ చలనచిత్రోత్సవంలో ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చిత్రానికి పెట్టుబడి పెట్టిన న్యూమార్కెట్ సంస్థ తానే పంపిణీకి దిగి 2001 మార్చి 16న అమెరికాలో కేవలం 11 థియేటర్లలో విడుదల చేస్తే, అది క్రమంగా 500కు పైగా థియేటర్లకు పాకి, ఆ ఒక్క దేశంలోనే రెండున్నర కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. స్క్రీన్‌ప్లేకూ కూర్పుకూ ఆస్కార్ నామినేషన్లు కూడా వచ్చిన తర్వాత, లోకహితైషులు యథాప్రకారం లోకం మారిపోయిందని అన్నారు.

కాలక్రమం తప్పడమే ప్రేక్షకుడికి ఇబ్బంది అయితే, తెలుగు దేశంలో పగ సినిమా ఒక్కటీ ఆడకూడదు. 1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు' వచ్చిన కాలంలో స్థిరపడిన ఫ్యాక్షన్ చిత్రాల చట్రంలో హీరో మొదటి సగమంతా ఎవరో తెలియని సాధుపురుషుడిగా తిరుగుతాడు, ఇంటర్వెల్ దగ్గర అతని చేతికి కత్తి వస్తుంది, రెండో సగంలో ఫ్లాష్‌బ్యాక్ మొదలై కాలం ఏళ్ల తరబడి వెనక్కి పోతుంది. హీరో మీసం మారడం, గాలిలోకి టాటా సుమోలు లేవడం అనే రెండు సూచనలతో ప్రేక్షకుడు ఏ గందరగోళమూ లేకుండా గతంలోకి వెళ్లి, క్లైమాక్సుకు క్షేమంగా వర్తమానానికి తిరిగి వస్తాడు. పట్టణమని, పల్లె అని తేడా లేకుండా, కాలాన్ని మడతపెట్టడం ఇక్కడ నేర్పవలసిన విద్య ఏమీ కాదు. కాబట్టి 'మెమెంటో' లాంటి చిత్రం చూసి విసుక్కున్నవాడి విసుగుకు కారణం వరుస తప్పడంలో లేదు, మరోచోట వెతకాలి.

ఆ కారణాన్ని మన ఆలంకారికులు, అంటే కావ్యనాటకాల్లో ఆనందం ఎలా పుడుతుందో విచారించిన పూర్వ పండితులు, తమకు తెలియకుండానే చెప్పి పెట్టారు. వాళ్ల లెక్క ప్రకారం పగ కథలో పండవలసింది రౌద్ర రసం. దానికి మూలమైన స్థాయిభావం, అంటే ప్రేక్షకుడి మనసులో నిలకడగా ఉండే భావం, క్రోధం. ఆ క్రోధం ఎవరి మీదనో ఆ వ్యక్తి ఆలంబన విభావం. ఆ క్రోధాన్ని ఎగదోసే పరిస్థితులు ఉద్దీపన విభావాలు. తెలుగు పగ సినిమాలో ఆలంబన విభావం మొదటి రీలులోనే తొడగొట్టి, పేరు చెప్పుకుని, పసిపిల్లవాడి కళ్లముందే తండ్రిని నరికి, ప్రేక్షకుడి పని సుళువు చేస్తుంది. 'మెమెంటో'లో ఉద్దీపన విభావాలకు కొదవ లేదు, ఫొటోలూ పచ్చబొట్లూ కావలసినన్ని ఉన్నాయి. లేనిదల్లా ఆలంబనమే, ఎందుకంటే చచ్చిపోయినవాడు నిజంగా దోషా కాదా అన్నది చిత్రం ఎప్పటికీ నిర్ధారించదు. రాజుకున్న క్రోధానికి వెళ్లడానికి చోటు దొరకకపోతే, అది దగ్గర్లో ఎవరుంటే వాళ్ల మీద పడుతుంది: కొందరిలో దర్శకుడి మీద, కొందరిలో ఈ సినిమాకు తీసుకువచ్చిన స్నేహితుడి మీద, మరీ సాత్వికులైతే తమ బుర్ర మీద. పగ సినిమా ప్రేక్షకుడు కాలం తలకిందులైనా ఓర్చుకుంటాడు, ముద్దాయి లేకపోతే మాత్రం ఓర్చుకోడు.

నోలన్ ఈ బలహీనతతో ఎంత నేర్పుగా ఆడుకున్నాడో తెలియాలంటే రెండు ఉదాహరణలు చాలు. లెనర్డ్ వెంట తిరిగే టెడ్డీ అనే మనిషి ఫొటో వెనక, ఇతని అబద్ధాలు నమ్మవద్దని లెనర్డ్ చేతిరాతే ఉంటుంది. ఆ పాత్రధారి జో పాంటోలియానో అంతకు ఏడాది ముందు 'ది మేట్రిక్స్'లో తోటివాళ్లను శత్రువుకు అమ్మేసిన ద్రోహిగా కనిపించాడు కాబట్టి, ప్రేక్షకుడు ఆ రాతను వేదవాక్కుగా తీసుకుంటాడు. నటాలీ అనే స్త్రీ పాత్ర వేసిన క్యారీ-ఆన్ మాస్ అదే 'మేట్రిక్స్'లో నమ్మదగిన వీరనారి కాబట్టి, ఆమె పెదవి చిట్లి, ముఖం వాచి గుమ్మంలోకి రాగానే ప్రేక్షకుడి గుండె తరుక్కుపోతుంది, ఆమెను కొట్టినవాడి అంతు చూడమని అతను లెనర్డ్‌ను మనసులోనే పురమాయిస్తాడు. ఆ తర్వాత చూపించే దృశ్యం అంతకు కొద్ది నిమిషాల ముందు జరిగింది: నటాలీ ఇంట్లోని పెన్నులన్నీ ఏరి సంచిలో వేసుకుని, లెనర్డ్ భార్యను నోటికి వచ్చినట్టు తిట్టి, అతను చెయ్యి చేసుకునేదాకా రెచ్చగొట్టి, బయటికి వెళ్లి కారులో తాపీగా కూర్చుంటుంది. జరిగింది రాసుకుందామని అతను పెన్ను కోసం గదంతా గాలిస్తుంటాడు, మరిచిపోకుండా మనసులో వల్లె వేసుకుంటాడు, కారు తలుపు చప్పుడు కాగానే ఆ వల్లె చెదిరిపోతుంది, ఆమె ఏడుపు ముఖంతో లోపలికి వచ్చి మరొకడి పేరు చెబుతుంది. ప్రేక్షకుడు కాసేపటి క్రితం ఆమె కోసం ఖర్చుపెట్టిన జాలిని వెనక్కి ఇప్పించమని అడగడానికి థియేటరులో తగిన కౌంటరు ఉండదు.

ఆలంకారికులు నాయికలను ఎనిమిది రకాలుగా విభజించి, ప్రేక్షకుల దగ్గరకు వచ్చేసరికి 'సహృదయులు' అన్న ఒక్క మాటతో సరిపెట్టడం న్యాయం కాదు. లోకహితైషి కాక ఇటువంటి చిత్రాల దగ్గర కనిపించే రకాలు ఇంకా నాలుగున్నాయి. మొదటివాడు పూర్వజ్ఞాని: ఏ సినిమాలోనైనా హంతకుడెవరో పేర్లు పడేటప్పుడే కనిపెట్టానని చెప్పుకునే ఇతనికి, మొదటి నిమిషంలోనే ఎవడు ఎవడిని చంపాడో చూపించేసిన 'మెమెంటో' ఉపాధి పోగొట్టింది. రెండోవాడు పృచ్ఛకుడు, అవధానాల్లో పృచ్ఛకుడు అవధానిని ఒక్కడినే ప్రశ్నిస్తాడు, ఇతను మాత్రం పక్క సీటువాడిని ప్రశ్నిస్తాడు. "బావా, వీడు ఇందాక పోయాడు కదా, మళ్లీ ఎలా వచ్చాడు?" అని బావమరిది అడుగుతాడు, "చూస్తూ ఉండరా, నీకే తెలుస్తుంది" అని బావ గంభీరంగా జవాబిస్తాడు, తనకు తెలియని సంగతిని పెద్దరికం చెడకుండా దాటవేయడానికి తెలుగులో ఇంతకన్నా భద్రమైన వాక్యం లేదు.

మూడోవాడు దోషజ్ఞుడు, అంటే కంటిన్యూటీ తప్పులు పట్టేవాడు. ఒక షాటుకూ మరో షాటుకూ మధ్య దుస్తులు, వస్తువులు, గాయాలు మారకుండా చూడటాన్ని సినిమావాళ్లు కంటిన్యూటీ అంటారు. చవకబారు మోటెల్‌లో, అంటే రోడ్డు పక్క బసలో, ఉండే లెనర్డ్‌కు ఖరీదైన సూటు, జాగ్వార్ కారు ఎక్కడివని ఇతను మొదటి అరగంటలోనే నిలదీసి, కాస్ట్యూమ్స్ విభాగం మీద జాలిపడతాడు. ఆ సూటూ కారూ రెండూ లెనర్డ్ చంపినవాడివని ఆఖర్లో తేలేసరికి, తాను తప్పుగా లెక్కకట్టింది సినిమాలోని అతి ముఖ్యమైన సాక్ష్యమని ఒప్పుకోవడం ఇష్టం లేక, దోషజ్ఞుడు చర్చను సౌండ్ మిక్సింగ్ వైపు మళ్లిస్తాడు. ఇతని దగ్గరి బంధువే "ఇంత జరుగుతుంటే పోలీసులేం చేస్తున్నారు?" అని అడిగేవాడు. తెలుగు సినిమాలో పోలీసులు అంతా అయిపోయాక వస్తారన్న అనుభవంతో అడిగిన ఆ ప్రశ్నకు 'మెమెంటో' ఇచ్చే జవాబు ఏమిటంటే, పోలీసునని చెప్పుకునేవాడు మొదటి దృశ్యంలోనే వచ్చాడు, అప్పుడే చచ్చిపోయాడు.

నాలుగోవాడు భాష్యకారుడు: కాగితం మీద గీతలు గీసి, రంగుల దృశ్యాలకు అంకెలు, నలుపు తెలుపు దృశ్యాలకు అక్షరాలు పెట్టి, బాణం గుర్తులతో కథను నిలువునా పరిచి చూపించేవాడు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన కోలాచల మల్లినాథసూరి తెలుగువాడే కాబట్టి భాష్యం ఇక్కడి నేలకు కొత్త కాదు. అయితే మూలంలో లేనిది ఏదీ రాయనని మల్లినాథుడు నియమం పెట్టుకున్నాడు, సినిమా భాష్యకారుడికి అటువంటి పట్టింపులు ఉండవు. తెలుగువాళ్లలో ఎక్కువమంది ఇటువంటి చిత్రాలను ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ గదుల్లో, ఒక కంప్యూటర్ చుట్టూ చేరి చూసినవాళ్లే కాబట్టి, పరీక్షకు చదవవలసిన రాత్రి ఫ్లోచార్టు గీయడం చేతనైనవాడు అక్కడ ఎప్పుడూ దొరికేవాడు. భాష్యకారుడి వివరణ పూర్తయ్యేసరికి కథలో ఒక్క చిక్కు కూడా మిగలదు, దోషి ఎవరో ఖాయమవుతుంది, విన్నవాళ్లందరూ ప్రశాంతంగా నిద్రపోతారు; ఆ ప్రశాంతతను అనుమానించవలసిన కారణం ఈ వ్యాసం చివర తెలుస్తుంది.

ప్రేక్షక స్పందనల్లో అన్నిటికన్నా ఖరీదైనది, అన్నిటికన్నా నిజాయితీ గలది 2005లో తమిళంలో తయారై, తెలుగులోకి అనువాదమై వచ్చిన 'గజిని'. ఏ.ఆర్. మురుగదాస్ దర్శకత్వంలో సూర్య, అసిన్, నయనతార నటించిన ఈ చిత్రంలో 'మెమెంటో'లోని జబ్బు, పోలరాయిడ్లు, పచ్చబొట్లు అన్నీ ఉన్నాయి; దాన్ని కాపీ అని కొట్టిపారేసేవాళ్లు గమనించనిది ఏమిటంటే, 'మెమెంటో' చూసిన ప్రతి ప్రేక్షకుడూ మనసులో చేసుకున్న సవరణలన్నిటినీ ఈ చిత్రం తెర మీద చేసి పెట్టింది. భార్య మీద ప్రేమ ఎంతో తెలియకపోతే పగ ఎలా నమ్ముతామని అడిగినవాడి కోసం హాయిగా నవ్వించే ప్రేమకథ చేరింది, పాటలు చేరాయి, జ్ఞాపకం నిలిచే వ్యవధి పదిహేను నిమిషాలని లెక్క కట్టి చెప్పారు. అన్నిటికన్నా ముఖ్యంగా, ముద్దాయి ఎవరో తేలక అల్లాడిన ప్రేక్షకుడికి నష్టపరిహారంగా ఒకడికి ఇద్దరు ముద్దాయిలను, అదీ కవలలను, అదీ ప్రదీప్ రావత్ రూపంలో సమకూర్చారు. 2004లో 'సై'లో భిక్షు యాదవ్‌గా ఆయనను చూసి ఉన్న తెలుగు ప్రేక్షకుడికి ఇక సాక్ష్యాధారాలతో పని లేకపోయింది.

అల్లు అరవింద్ ఒక నిర్మాతగా 2008లో ఆమిర్ ఖాన్‌తో హిందీలో తీసినప్పుడు ఈ సంస్కరణ మరో మెట్టు ఎక్కింది: పదేపదే దండెత్తిన గజినీ సుల్తానును తమిళంలో గుర్తుచేసిన 'గజిని' అన్న పేరును హిందీలో ప్రతినాయకుడికే పెట్టారు, అంటే ముద్దాయి పేరు వాల్‌పోస్టరు మీదికి ఎక్కింది. జాన్ జి. అన్న ఒంటి అక్షరంతో మొదలైన ప్రయాణం ముద్దాయి పూర్తి పేరుతో, టికెట్టు కొనకముందే తీర్పు వినిపించే స్థితికి చేరడాన్ని మించిన ప్రేక్షక విజయం సినిమా చరిత్రలో అరుదు. ఇంత చేసినా జనం తమ పద్ధతి మానుకోలేదు. ప్రతినాయకుడికి పెట్టిన పేరును ఇవాళ తెలుగు ఇళ్లలో గ్యాస్ కట్టేయడం మరిచిపోయినవాళ్లకు తగిలిస్తున్నారు.

దీనికి వ్యతిరేక దిశలో జరిగిన ప్రయోగం 2014 సంక్రాంతికి సుకుమార్ దర్శకత్వంలో మహేష్ బాబు నటించిన '1: నేనొక్కడినే'. ఇండిపెండెంట్ చిత్రం కాకపోయినా, కథానాయకుడు తల్లిదండ్రులను చంపినవాళ్ల కోసం వెతకడం, అతని మెదడే అతన్ని మోసం చేయడం ఇందులోనూ ఉన్నాయి. చిత్రం మొదట్లోనే హీరో ఒకడిని చంపాడని చూపించి, హాలంతా ఈలలు వేసిన తర్వాత, ఆ హత్య జరగలేదని, చచ్చినవాడు అతని భ్రమ అని చెప్పేసరికి, వేసిన ఈలలు వెనక్కి తీసుకోవలసిన పరిస్థితి తెలుగు అభిమానికి బహుశా మొదటిసారి ఎదురైంది. విడుదలైన కొద్ది రోజుల్లోనే నిడివి తగ్గించారు, అర్థం కాలేదన్న మాట ఊరూరా వినిపించింది, అమెరికాలోని తెలుగు ప్రేక్షకులు మాత్రం వసూళ్లను పది లక్షల డాలర్లు దాటించారు.

నాలుగేళ్ల తర్వాత, 2018లో, వెంకటేష్ మహా దర్శకత్వంలో విశాఖపట్నంలోని ఒక పేటవాళ్లనే ఎక్కువగా నటింపజేసి తీసిన ఇండిపెండెంట్ చిత్రం 'కేరాఫ్ కంచరపాలెం' నాలుగు ప్రేమకథలను పక్కపక్కన నడిపి, ఆఖర్లో అవన్నీ ఒకే మనిషి జీవితంలోని నాలుగు దశలని తేల్చింది. కాలంతో ఇంత ఆట ఆడినా ప్రేక్షకుడు కోపం తెచ్చుకోకపోగా కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు, కారణం ఆ కథలో ఎవరి మీదా పగ తీర్చుకోనక్కర్లేకపోవడమే.

వరుస సరిచేస్తే ఇటువంటి చిత్రం సుఖంగా అర్థమవుతుందన్న ఆశ కూడా పరీక్షకు నిలవలేదు. 'మెమెంటో' ప్రత్యేక డీవీడీలో చిత్రాన్ని జరిగిన వరుసలో చూసే ఏర్పాటు ఒకటి దాచిపెట్టారు. దాన్ని వెతికి పట్టుకుని చూసినవాడికి, ఒక మతిమరుపు మనిషిని ఇద్దరు ముగ్గురు తమ పనులకు వాడుకున్న సాదా నేరకథ ఎదురవుతుంది. మోటెల్ గుమస్తా అతనికి ఎలాగూ గుర్తుండదని ఒకే మనిషికి రెండు గదులు అద్దెకిచ్చిన సంగతి అప్పుడు నవ్వు పుట్టించదు, బిల్లు మాత్రమే కనిపిస్తుంది. గాస్పర్ నోయే ఫ్రెంచి చిత్రం 'ఇర్రివర్సిబుల్' 2002లో కాన్ ఉత్సవంలో వేసినప్పుడు, అందులోని హింస భరించలేక చాలామంది లేచి వెళ్లిపోయారు. చివరి నుంచి మొదటికి నడిచే ఆ పగ కథను దర్శకుడే 2019లో తిన్నగా పేర్చి మళ్లీ చూపించాడు. ఆ చిత్రం విషయంలో హాస్యానికి చోటు లేదు గానీ, ఒక్కటి స్పష్టం: శిక్ష ముందు, నేరం తర్వాత చూసినవాడు ఈల వేయలేడు, నేరం ముందు, శిక్ష తర్వాత చూసినవాడికి ఈల వేయాలన్న కోరిక ఎక్కడో మిగిలే ఉంటుంది.

ఈ మొత్తం వ్యవహారం తెలుగువాళ్లకు పరాయిదని అనుకోవడానికి వీల్లేదు. నన్నయ తెనిగించిన భారతం ఆదిపర్వం ఒక పగ కథతోనే మొదలవుతుంది, అదీ కాలం తలకిందులై: యుద్ధం ఎప్పుడో ముగిసి, పాండవులు పోయి, వాళ్ల మునిమనుమడు జనమేజయుడు చేసిన సర్పయాగంలో చెప్పిన కథను సూతుడు నైమిశారణ్యంలో మునులకు మళ్లీ చెబుతాడు. ఆ యాగానికి పైకి కనిపించే కారణం జనమేజయుడి తండ్రి పరీక్షిత్తును తక్షకుడు కాటువేయడం; కానీ తండ్రి ఎలా పోయాడో ఆ రాజుకు గుర్తుచేసి, పగ తీర్చుకోమని ఎగదోసినవాడు ఉదంకుడు, గురుపత్ని కోసం తెస్తున్న కుండలాలను అదే తక్షకుడు ఎత్తుకుపోయిన బాధితుడు. సొంత లెక్క తేల్చుకోవడానికి మరొకడి జ్ఞాపకాన్ని ఆయుధం చేసుకున్న ఉదంకుడు, లెనర్డ్ పక్కన తిరిగే టెడ్డీకీ నటాలీకీ పూర్వ గురువు. ఇంతా చేస్తే లెక్కలేనన్ని పాములు హోమగుండంలో పడ్డాయి, అసలు ముద్దాయి తక్షకుడు, యాగాన్ని ఆపించిన ఆస్తీకుడి పుణ్యమా అని, బతికి బయటపడ్డాడు. ఇన్ని వందల ఏళ్లుగా ఈ కథ వింటున్న తెలుగువాడు ఒక్కసారి కూడా "అర్థం కాలేదు" అనకపోవడానికి కారణం, మధ్యలో ఆ మునుల పెద్ద శౌనకుడు సందేహం అడిగితే సూతుడు ఆగి జవాబు చెప్పడమే. సినిమా హాలులో అడగడానికి బావ తప్ప ఎవరూ లేరు.

ఇక నిర్ణయం. 'మెమెంటో' ఆఖర్లో తేలే సత్యం ఏమిటంటే, లెనర్డ్ మోసపోయినవాడు మాత్రమే కాదు. నిజం తనకు నచ్చకపోయేసరికి, మరిచిపోతానని తెలిసే, తన కోసం తాను ఒక అబద్ధపు ఆధారం రాసిపెట్టుకుని, టెడ్డీని కాబోయే ముద్దాయిగా నియమించుకుంటాడు. చిక్కులన్నీ విప్పి, బాణం గుర్తులు గీసి, దోషి పేరు ఖాయం చేసి ప్రశాంతంగా నిద్రపోయిన భాష్యకారుడు చేసినదీ అదే పని. కాబట్టి థియేటరు మెట్ల మీద "నాకేం అర్థం కాలేదు" అని ఒప్పుకున్నవాడే ఆ గుంపులో చిత్రాన్ని సరిగ్గా చూసినవాడని, అంతా అర్థమైందన్నవాడు మరోసారి టికెట్టు కొనుక్కోవలసినవాడని తేలుతోంది. పాఠకులకు మనవి ఒక్కటే: ఇటువంటి సినిమా చూసి వచ్చాక ముద్దాయి పేరు ప్రకటించడానికి కనీసం తెల్లవారేదాకా గడువు తీసుకోండి, ఈలోగా ఎవరైనా వచ్చి ఫలానావాడే దోషి అని గట్టిగా చెబితే, ముందు ఆ చెప్పినవాడికి ఎక్కడైనా కుండలాలు పోయాయేమో విచారించండి.